ప్రింట్ స్పూలర్ ఆగితే బిల్లు ఎందుకు ఆగాలి? ఒక మందుల షాపు కేస్ స్టడీ

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రుల మధ్య ఉన్న మందుల షాపు అది. ముందు రెండు బిల్లింగ్ కౌంటర్లు, వెనక గదిలో ఓనర్ గారి సిస్టం. మూడింట్లోనూ విండోస్ 10 ప్రో. కౌంటర్లలో యూఎస్‌బీ థర్మల్ ప్రింటర్లు, వెనక ఏ4 లేజర్ ప్రింటర్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడో ఒక చిన్న సంస్థ సీషార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిచ్చింది. ఆ సంస్థ తర్వాత మూతపడింది కానీ సోర్స్ కోడ్ ఓనర్ గారి దగ్గరే ఉంది. దాన్ని చూసుకునే పని నాకొచ్చింది.

నాకొచ్చిన మొదటి ఫిర్యాదులో ప్రింటర్ మాటే లేదు. "స్టాక్ లెక్క కుదరట్లేదండీ. సిస్టంలో రెండు స్ట్రిప్పులు చూపిస్తోంది, అరలో నాలుగున్నాయి" అన్నారు ఓనర్ గారు. స్టాక్ తేడా అంటే మామూలుగా సరుకు తగ్గడం. ఇక్కడ అరలో ఎక్కువుంది, సిస్టంలో తక్కువుంది. అంటే అమ్మని మందును అమ్మినట్టు సాఫ్ట్‌వేర్ రాసుకుంది. ఆ మేరకు గల్లాలో డబ్బు తక్కువ తేలింది. సాయంత్రం షిఫ్టులో కౌంటర్ చూసుకునే కుర్రాడి మీద అనుమానం పడింది. ఈ కేసు నా మనసులో నిలిచిపోవడానికి మొదటి కారణం ఇదే. సాఫ్ట్‌వేర్ చెప్పిన ఒక తప్పు మాటకు ఒక మనిషి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

బిల్లుల పట్టిక తెరిస్తే విషయం బయటపడింది. ఒకే పేషెంటు పేరు, అవే మందులు, అదే మొత్తం. బిల్లు నంబర్లు మాత్రం పక్కపక్కనే రెండు, మధ్యలో నిమిషం తేడా. అలాంటి జంటలు ఒక సాయంత్రం వరసగా కనిపించాయి. కుర్రాణ్ని అడిగితే దాచకుండా చెప్పాడు: "బిల్లు సేవ్ కాలేదని వచ్చింది సార్. అందుకే మళ్లీ కొట్టా." స్క్రీన్ ఏం చెప్పిందో అతను అదే చేశాడు.

ఆ సాయంత్రం సిస్టం లోపల ఏం జరిగింది

విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి, సర్వీస్ కంట్రోల్ మేనేజర్ (వెనక నడిచే సర్వీసులను చూసుకునే విండోస్ భాగం) రాసిన వరసలు చూశాను. ప్రింట్ స్పూలర్ అలాంటి సర్వీసే, ప్రింట్ పనులను అందుకుని ప్రింటర్‌కు పంపేది అదే. మొదట 7031 నంబర్ ఈవెంటు: ప్రింట్ స్పూలర్ అనుకోకుండా ఆగింది, ఇలా జరగడం 1వ సారి, కొద్దిసేపట్లో రీస్టార్ట్ చేస్తాం అని. కాసేపటికి మళ్లీ 7031, ఈసారి 2వ సారి అని. ఆ తర్వాత 7034: 3వ సారి ఆగింది. దాని పక్కన రీస్టార్ట్ మాటే లేదు.

ఇది స్పూలర్ రికవరీ సెట్టింగ్ ప్రకారం జరిగిందే. మొదటిసారి పడిపోతే రీస్టార్ట్, రెండోసారి పడిపోతే రీస్టార్ట్, ఆపైన ఏమీ చేయొద్దు అని ఆ సర్వీసుకు ముందే రాసి ఉంటుంది. ఈ లెక్క సెట్టింగ్‌లో ఉన్న గడువు దాటాక సున్నా అవుతుంది. అంటే ఆ గడువులోపు మూడోసారి పడిపోయిన స్పూలర్‌ను ఎవరో ఒకరు చేత్తో లేపాలి, లేదా సిస్టం రీస్టార్ట్ చేయాలి.

కౌంటర్ దగ్గర ఇది ఎలా కనిపించిందో చూడండి. మొదటి రెండుసార్లు ఎర్రర్ వచ్చింది, నిమిషం ఆగి మళ్లీ కొడితే ప్రింట్ వచ్చింది. దాంతో "కాస్త ఆగి మళ్లీ కొడితే వస్తుంది" అని కుర్రాడికి అలవాటైంది. మూడోసారి నుంచి ఎన్నిసార్లు కొట్టినా ప్రింట్ రాలేదు, కొట్టిన ప్రతిసారీ కొత్త బిల్లు మాత్రం సేవ్ అయింది.

స్పూలర్ ఎందుకు పడిపోయిందన్నదీ లాగ్‌లోనే ఉంది. అప్లికేషన్ లాగ్‌లో 1000 నంబర్ ఈవెంటు స్పూల్‌ఎస్‌వీ డాట్ ఈఎక్స్‌ఈ (స్పూలర్ ప్రోగ్రాం) క్రాష్ అయిందని, తప్పు జరిగింది థర్మల్ ప్రింటర్ డ్రైవర్ డీఎల్ఎల్‌లో (డ్రైవర్ కోడ్ ఉండే ఫైలులో) అని చూపించింది. ఆ డ్రైవర్‌కు మింగుడుపడని ఒక జాబ్ (ప్రింట్‌కు పంపిన పని) స్పూల్ ఫోల్డర్‌లో చిక్కుకుంది. విండోస్‌లో సిస్టం32 కింద స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ప్రతి జాబ్‌కూ అందులో ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అని రెండు ఫైళ్లు పడతాయి. స్పూలర్ లేచినప్పుడల్లా ఆ ఫైళ్లను మళ్లీ చదివి ప్రింట్ చేయబోతుంది. పాడైన ఫైలు అక్కడే ఉంటే లేస్తుంది, చదువుతుంది, పడిపోతుంది. సిస్టం రీస్టార్ట్ చేసి లేపినా మళ్లీ అదే జరుగుతుంది.

అసలు లోపం కోడ్‌లో

డ్రైవర్ చెడింది, నిజమే. కానీ స్టాక్ తప్పడానికి కారణం డ్రైవర్ కాదు. సేవ్ బటన్ వెనక ఉన్న కోడ్ ఈ వరసలో నడిచేది: డేటాబేస్ లావాదేవీ మొదలు, బిల్లు రాయడం, స్టాక్ తగ్గించడం, కమిట్ (రాసినవన్నీ ఖాయం చేయడం), ఆ తర్వాత ప్రింట్, చివర్లో ఫారం ఖాళీ చేయడం. మొత్తానికీ కలిపి ఒకే ట్రై (ప్రయత్నించే భాగం), ఒకే క్యాచ్ (ఎర్రర్ వస్తే నడిచే భాగం). క్యాచ్‌లో ఉన్న మెసేజ్: "బిల్లు సేవ్ కాలేదు", దాని కింద విండోస్ ఇచ్చిన ఎర్రర్ వాక్యం.

కమిట్ అయ్యాక ప్రింట్ దగ్గర ఎర్రర్ వస్తే కంట్రోల్ నేరుగా క్యాచ్‌లోకి దూకుతుంది. బిల్లు పడిపోయింది, స్టాక్ తగ్గిపోయింది, అయినా స్క్రీన్ సేవ్ కాలేదంటుంది. ఫారం ఖాళీ అవలేదు కాబట్టి మందులన్నీ అలాగే కళ్ల ముందుంటాయి. ఎవరైనా మళ్లీ సేవ్ నొక్కుతారు. రెండు స్ట్రిప్పులు అమ్మితే స్టాక్‌లోంచి నాలుగు పోతాయి.

మందుల షాపులో దీని బరువు ఇంకా ఎక్కువ. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ మందులు షెడ్యూల్ హెచ్1 అనే ప్రత్యేక నియంత్రణ జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి ఈ మందులు అమ్మినప్పుడు రాసిన డాక్టర్ పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, పరిమాణం విడిగా రిజిస్టర్లో రాయాలి, దాన్ని మూడేళ్లు దాచాలి. ఈ సాఫ్ట్‌వేర్ ఆ రిజిస్టర్ను బిల్లు నుంచే నింపుతుంది. కాబట్టి రెండో బిల్లుతో పాటు అమ్మని యాంటీబయాటిక్ కూడా రిజిస్టర్లోకి ఎక్కింది. పోనీ తప్పు బిల్లును తీసేద్దామా అంటే జీఎస్టీ నియమాల్లో 46వ రూల్ బిల్లు నంబర్లు వరస తప్పకూడదంటుంది. అందుకే ఏ బిల్లునూ డిలీట్ చేయలేదు. జంటలో రెండోదాన్ని కారణం రాసి రద్దుగా గుర్తించి, స్టాక్ వెనక్కి వేసి, రిజిస్టర్లో ఆ వరసకు ఎదురుగా రద్దు అని రాయించాం. ఓనర్ గారు తన ఆడిటర్‌ను అడిగాకే ఈ పని మొదలుపెట్టాం.

1722 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

థర్మల్ ప్రింటర్‌కు ఈ సాఫ్ట్‌వేర్ విండోస్ ఇచ్చే ఓపెన్‌ప్రింటర్, రైట్‌ప్రింటర్ కాల్స్‌తో నేరుగా డేటా పంపుతుంది. స్పూలర్ ఆగి ఉంటే ఓపెన్‌ప్రింటర్ 1722 అనే ఎర్రర్ నంబర్‌తో వెనక్కొస్తుంది. దాని వాక్యం: ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదు. ఆర్‌పీసీ అంటే ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను పని అడిగే పద్ధతి. ఈ వాక్యం చదివి షాపు వాళ్లు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేశారు. వాళ్లను తప్పుపట్టలేం. సర్వర్ అంటే ఎక్కడో దూరంగా ఉండేదనే ఎవరైనా అనుకుంటారు. ఆ సర్వర్ తమ సిస్టంలోనే నడవాల్సిన స్పూలర్ అని ఎలా తెలుస్తుంది?

ఏ4 రిపోర్టుల దారి వేరు. అక్కడ మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో ఉండే ప్రింట్ లైబ్రరీ వాడారు. స్పూలర్ ఆగి ఉంటే అది "ప్రింటర్లేవీ ఇన్‌స్టాల్ కాలేదు" అనొచ్చు. అది చూసినవాళ్లు డ్రైవర్ మళ్లీ వేయడానికి దిగుతారు. ప్రింటర్ యాడ్ చేయడానికీ స్పూలరే కావాలి కనుక ఆ పనీ ముందుకెళ్లదు. ఒకే కారణానికి ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల తప్పుదారి మెసేజ్‌లు.

పైగా 1722 వచ్చిందంటే లోకల్ స్పూలర్ ఆగిందని ఖాయంగా చెప్పలేం. పక్క సిస్టంలో షేర్ చేసిన ప్రింటర్‌కు పంపేటప్పుడు ఆ సిస్టం ఆఫ్‌లో ఉన్నా ఇదే నంబర్ రావొచ్చు. నంబర్ చూసి ఊహించకూడదు, సర్వీస్ కంట్రోల్ మేనేజర్‌నే అడగాలి. మామూలు యూజర్ ఖాతాతో కూడా స్పూలర్ స్థితి తెలుసుకోవచ్చు, దానికి అడ్మిన్ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ప్రింట్ పంపేముందు సర్వీసు నడుస్తోందా అని చూసి, నడుస్తుంటేనే పంపడం. చూడ్డానికి జాగ్రత్తగా అనిపిస్తుంది కానీ దీన్ని నమ్ముకోలేం. చూసిన క్షణానికీ పంపిన క్షణానికీ మధ్య సర్వీసు పడిపోవచ్చు. మన కేసులో జరిగింది దాదాపు అదే, జాబ్ అందుకున్నాకే స్పూలర్ పడిపోయింది. అందుకే నేను వరస తిప్పేశాను. ముందు పని ప్రయత్నించు, చెడితే ఆ తర్వాత ఎందుకు చెడిందో అడుగు. ముందస్తు తనిఖీ స్క్రీన్ మూలన చిన్న గుర్తు చూపించడానికి పనికొస్తుంది, నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదు. ఇంకో సంగతి: డాట్‌నెట్‌లో సర్వీస్‌కంట్రోలర్ ఆబ్జెక్ట్ ఒకసారి చదివిన స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. రిఫ్రెష్ పిలవకుండా మళ్లీ అడిగితే పాత జవాబే వస్తుంది.

ఏం మార్చాం

మొదటి మార్పు: బిల్లు వేరు, ప్రింట్ వేరు. బిల్లు, స్టాక్, రిజిస్టర్‌తో పాటు "ఈ బిల్లు ప్రింట్ చేయాలి" అన్న వరసను కూడా ఒకే లావాదేవీలో ప్రింట్ జాబ్‌ల పట్టికలో రాస్తాం. కమిట్ అయిన వెంటనే ఫారం ఖాళీ అయి, బిల్లు నంబర్ పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత ప్రింట్ ఏమైనా ఆ బిల్లు మళ్లీ పడే అవకాశం లేదు. దీనికి తోడు, ఫారం తెరిచినప్పుడే ఆ బిల్లుకు ఒక గుర్తింపు కేటాయించి, డేటాబేస్‌లో దానికి యూనీక్ కీ (ఒకే గుర్తింపును రెండోసారి రాయనివ్వని కట్టుబాటు) పెట్టాం. సేవ్ రెండుసార్లు నొక్కినా రెండో బిల్లు రాదు, మొదటి నంబరే తిరిగొస్తుంది.

రెండోది, ప్రింట్ పంపే పనిని విడి ప్రాసెస్‌లోకి, అంటే బిల్లింగ్‌కు వేరుగా నడిచే ప్రోగ్రాంలోకి మార్చడం. స్పూలర్ ఆగిపోతే ఎర్రరైనా వస్తుంది. నడుస్తున్నట్టే కనిపిస్తూ బిగుసుకుపోతే అదీ రాదు, మన ప్రోగ్రాం ఓపెన్‌ప్రింటర్ పిలిచిన చోటే కూర్చుంటుంది. బిల్లింగ్ తెర మొత్తం "నాట్ రెస్పాండింగ్" అయిపోతుంది, క్యూలో ఉన్నవాళ్లు చీటీలు పట్టుకుని చూస్తుంటారు. నా దృష్టిలో సర్వీసు ఆగిపోవడం కన్నా ఇదే పెద్ద ప్రమాదం. విడి ప్రాసెస్ గడువులోగా జవాబివ్వకపోతే దాన్ని ఆపేసి, బిల్లింగ్‌ను నడవనిస్తాం.

మూడోది, ప్రింట్ చెడ్డాక స్థితిని బట్టి ఏం చేయాలన్నది. స్పూలర్ ఇంకా మొదలవుతూ ఉంటే అది లోపమే కాదు. పొద్దున సిస్టం ఆన్ చేసిన వెంటనే బిల్లు కొడితే ఇలా వస్తుంది. కాస్త ఆగి, ఆగే సమయం ప్రతిసారీ రెట్టింపు చేస్తూ మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుంది. స్పూలర్ నడుస్తూనే ఉండి ఎర్రర్ 1801 వస్తే ప్రింటర్ పేరు తప్పు, సెట్టింగ్స్ చూడమని చెప్పాలి. సర్వీసు ఆగి ఉండి, స్టార్ట్ టైప్ (సర్వీసు ఎలా మొదలవాలన్న సెట్టింగ్) ఆటోమేటిక్ అయితే అది పడిపోయినట్టు లెక్క, లేపొచ్చు. డిసేబుల్డ్ అయితే మాత్రం మన సాఫ్ట్‌వేర్ దాన్ని ముట్టుకోకూడదు.

ఈ చివరి మాట మీద ఓనర్ గారికీ నాకూ కాస్త వాదన జరిగింది. వెనక గదిలోని సిస్టంలో స్పూలర్ డిసేబుల్ అయి ఉంది. అదే ఎనేబుల్ చేసి లేపేలా రాయొచ్చు కదా అన్నారాయన. ఎప్పటి నుంచి అలా ఉందని ఆరా తీస్తే 2021 జులై అని తేలింది. ఆ నెలలోనే ప్రింట్‌నైట్‌మేర్ అన్న భద్రతా లోపం (లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2021-34527) బయటపడింది. స్పూలర్ ద్వారా బయటివాళ్లు సిస్టం స్థాయి హక్కులతో కోడ్ నడపగల లోపం అది. ప్యాచ్ వచ్చేలోపు స్పూలర్‌ను ఆపి డిసేబుల్ చేయడమే మైక్రోసాఫ్ట్ చెప్పిన తాత్కాలిక మార్గాల్లో ఒకటి. షాపు సిస్టంలు చూసే టెక్నీషియన్ అప్పుడు సరైన పనే చేశాడు, తర్వాత దాన్ని తిరిగి మార్చడం జరగలేదు. ఒక మనిషి భద్రత కోసం కావాలని మూసిన తలుపును బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను తెరవకూడదని నేను గట్టిగానే చెప్పాను. అప్‌డేట్లన్నీ పడ్డాయని చూసుకుని, ఆ సిస్టంలో స్పూలర్‌ను ఆయన ముందే చేత్తో ఎనేబుల్ చేశాం. సాఫ్ట్‌వేర్ మాత్రం డిసేబుల్డ్ కనబడితే ఎవరిని పిలవాలో చెప్పి ఆగిపోతుంది.

ఇక లేపడం ఎవరి పని? కౌంటర్ ఖాతాలు మామూలు యూజర్లవి. వాళ్లు స్పూలర్ స్థితి చూడగలరు కానీ స్టార్ట్ చేయబోతే ఎర్రర్ 5, అనుమతి లేదు. దీనికి బిల్లింగ్‌నే అడ్మిన్‌గా నడిపించడం చాలాచోట్ల చూశాను, నాకది ససేమిరా ఇష్టం లేదు. ప్రింట్ కోసం మొత్తం సాఫ్ట్‌వేర్‌కు తాళాలన్నీ ఇచ్చినట్టవుతుంది. బదులుగా చిన్న సహాయక సర్వీసు రాశాం. దానికి తెలిసిన పని ఒక్కటే: స్పూలర్ ఆగి ఉండి, స్టార్ట్ టైప్ ఆటోమేటిక్ అయితే లేపడం. ఏ సర్వీసు పేరూ బయటి నుంచి తీసుకోదు, ఇంకే ఆజ్ఞా వినదు. మామూలుగా గంటలో మూడుసార్లకు మించి లేపదు. మూడోసారీ పడిపోతే ప్రింటర్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను పక్క ఫోల్డర్‌కు మార్చి, ఇంకొక్కసారి లేపి చూస్తుంది. ఆ తర్వాత కదలదు. మూడోసారి కూడా రీస్టార్ట్ అని రికవరీ సెట్టింగ్ మార్చేస్తే చాలు కదా అని కొందరు అడిగారు. పాడైన జాబ్ లోపల ఉండగా అలా చేస్తే స్పూలర్ రోజంతా లేస్తూ పడుతూనే ఉంటుంది.

పక్కకు మార్చిన ఆ ఫైళ్లలో పేషెంట్ల పేర్లు, వాళ్లు వాడే మందులు ఉంటాయి. డ్రైవర్ కంపెనీ వాళ్లు పరిశీలనకు ఫైలు పంపమన్నారు. అసలుది పంపలేదు. అదే పొడవు, అదే రకం అక్షరాలతో ఉత్తుత్తి బిల్లు తయారుచేసి, దానితోనూ క్రాష్ వస్తోందని చూసుకుని పంపాం. వాళ్లిచ్చిన కొత్త డ్రైవర్ వేశాం. దాంతో పాటు ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవర్‌ను ఐసొలేటెడ్‌కు మార్చాం. అప్పుడు డ్రైవర్ స్పూలర్ లోపల కాకుండా ప్రింట్ఐసొలేషన్‌హోస్ట్ అనే వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. విండోస్ 7 నాటి నుంచే ఉన్న సౌకర్యం ఇది. అన్ని డ్రైవర్లూ దీన్ని ఒప్పుకోవు, ఇది ఒప్పుకుంది.

తెర మీద మాట

మెసేజ్‌ల మీదే నేను ఎక్కువ శ్రద్ధ పెట్టాను. పాత బాక్స్ తీసేసి ఇది పెట్టాం:

"బిల్లు నంబర్ 4127 సేవ్ అయింది. మళ్లీ కొట్టక్కర్లేదు. ఈ సిస్టంలో ప్రింట్ సర్వీస్ ఆగిపోయింది, తిరిగి మొదలుపెడుతున్నాం. కస్టమర్ ఆగలేకపోతే: రెండో కౌంటర్‌లో ప్రింట్ / పీడీఎఫ్ పంపు."

కౌంటర్లో ఉన్న మనిషికి మొదట కావాల్సింది బిల్లు క్షేమమా కాదా అన్నది. తర్వాత ఇప్పుడు తనేం చేయాలన్నది. ఎర్రర్ నంబర్, సర్వీసు స్థితి, సమయం అన్నీ లాగ్‌లోకి వెళ్తాయి, "వివరాలు" నొక్కితే కనిపిస్తాయి. తెర మీద రాసిన వాక్యాలను కౌంటర్ కుర్రాడికీ ఫార్మసిస్ట్ గారికీ చదివి వినిపించి, వాళ్లు అడిగిన చోటల్లా మాట మార్చాను. "ప్రింట్ జాబ్ పెండింగ్" అన్నది వాళ్ల మాటతోనే "బిల్లు సేవ్ అయింది, ప్రింట్ కాలేదు" అయింది.

డెవలపర్ల కోసం రాసే సాధనాల్లో మంచి నమూనాలున్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కనెక్ట్ కాకపోతే అది సర్వర్ ఆ హోస్ట్‌లో నడుస్తోందా అని అడుగుతుంది. డాకర్ అనే సాధనం తన డెమన్ (వెనక నడిచే ప్రోగ్రాం) ఆగి ఉంటే డెమన్ నడుస్తోందా అని అడుగుతుంది, అనుమతి లేకపోతే వేరే మాట చెబుతుంది. కారణాలు వేరైతే మాటలూ వేరుగా ఉండాలన్నది అక్కడ పాటించారు.

పీడీఎఫ్ దారి గురించి ఒక హెచ్చరిక. విండోస్‌లో ఉండే ప్రింట్ టు పీడీఎఫ్ కూడా ఒక ప్రింటరే, దానికీ స్పూలర్ కావాలి. ప్రత్యామ్నాయంగా దాన్ని పెట్టుకుంటే అవసరమైన రోజే అది పనిచేయదు. మేం లైబ్రరీతో నేరుగా ఫైలు తయారుచేస్తున్నాం. నెట్‌వర్క్ థర్మల్ ప్రింటర్ ఉన్న షాపులకు ప్రింటర్‌లోని 9100 నంబర్ నెట్‌వర్క్ పోర్టుకు నేరుగా పంపే దారి కూడా ఉంది, దానికీ స్పూలర్ అక్కర్లేదు.

సర్వీసు తిరిగి లేచినప్పుడు ఏం చేయాలన్నదీ ఆలోచించాల్సి వచ్చింది. ఆగిన బిల్లులన్నీ ఒక్కసారిగా ప్రింట్ అయితే, ఎప్పుడో వెళ్లిపోయిన వాళ్ల బిల్లుల వెనక ఇప్పుడు ఎదురుగా ఉన్నాయన బిల్లు ఆగిపోతుంది. అందుకని కొద్ది నిమిషాలు దాటిన బిల్లులు తమంతట తాము ప్రింట్ కావు, జాబితాలో ఉంటాయి. అడిగినవాళ్లకు అక్కడి నుంచి తీసిస్తారు, దాని మీద డూప్లికేట్ అని పడుతుంది.

చెడగొట్టి చూడటం

అప్పగించేముందు షాపు మూసే వేళ అందరి ఎదుటా పరీక్షించాం. బిల్లు కొడుతుండగా స్పూలర్‌ను స్టాప్ చేశాం. తర్వాత టాస్క్‌కిల్ కమాండ్‌తో ప్రాసెస్‌నే చంపాం. రెండూ ఒకటి కావు: మామూలుగా ఆపితే రికవరీ సెట్టింగ్ పనిచేయదు, చంపితేనే పనిచేస్తుంది. డిసేబుల్ చేసి కొట్టాం. ప్రింటర్ కేబుల్ పీకి కొట్టాం. ప్రతిసారీ చూసినవి మూడే: బిల్లు ఒక్కటే పడిందా, స్టాక్ ఒక్కసారే తగ్గిందా, తెర మీద మాట నిజమేనా. కౌంటర్ కుర్రాడే మౌస్ పట్టుకుని ఇవన్నీ చేశాడు. అంతకుముందే ఓనర్ గారు రద్దయిన బిల్లుల జాబితాను గల్లా లెక్కతో పోల్చి చూసుకుని, అందరి ముందూ అతనికి సర్దిచెప్పారు.

ఒక పని ఇంకా మిగిలే ఉంది. స్పూలర్ జాబ్ తీసుకుందంటే కాగితం బయటికొచ్చిందని కాదు. ఈ యూఎస్‌బీ థర్మల్ ప్రింటర్లు పేపర్ రోల్ అయిపోయిన సంగతిని నమ్మకంగా వెనక్కి చెప్పడం లేదు. అందుకే జాబితాలో "ప్రింట్ అయింది" అన్న మాట తీసేసి "ప్రింటర్‌కు పంపాం" అని పెట్టాం. స్థితిని సరిగ్గా చెప్పగల ప్రింటర్ కొనేదాకా అలాగే ఉంటుంది.